థాయ్‌లాండ్‌లో నివసించే విదేశీయుల అనుభవం: భద్రత, సాంస్కృతిక భేదాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్యోగరీత్యా గాని, చదువు కోసం గాని, పదవీ విరమణ తరువాత ప్రశాంతంగా గడపడానికి గాని థాయ్‌లాండ్‌కు వెళ్లదలచిన తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. నాలుగు రోజుల విహారయాత్రకు వెళ్లేవారి సందేహాలు వేరు. అక్కడ ఇల్లు అద్దెకు తీసుకుని, కూరగాయలు తెచ్చుకుని, పిల్లలను బడికి పంపేవారి సందేహాలు వేరు. ఈ పుట రెండవ రకం వారి కోసం.

చాలాకాలంగా అక్కడ ఉంటున్న విదేశీయులు థాయ్‌లాండ్‌ను సురక్షితమైన దేశంగానే భావిస్తారా?

చాలామంది భావిస్తారు, కాకపోతే ఆ మాట అన్న వెంటనే ఒక "కాని" చేరుస్తారు. వీధిలో నడుస్తుండగా ఎవరో మీదపడి దోచుకుంటారన్న భయం బ్యాంకాక్‌లోనో, చియాంగ్ మాయ్‌లోనో రోజువారీ జీవితంలో దాదాపు కనిపించదు. ఉదయం ఆఫీసుకు వెళుతూ స్టేషను దగ్గర బండి నిలిపి, దాని అద్దానికి హెల్మెట్ తగిలించి వెళ్లినవారు సాయంత్రం అదే హెల్మెట్ పెట్టుకుని ఇంటికి వెళతారు. ఇక ఆ "కాని" ఏమిటంటే, ఏదైనా జరిగేంతవరకు ఉన్న నిశ్చింత, జరిగిన తరువాత అంత సులభంగా దొరకదు. రోడ్డు ప్రమాదం, ఇంటి యజమానితో తగాదా, వీసా కాగితాల్లో పొరపాటు, కోపంలో రాసిన ఒక మాట, వీటిలో ఏది ఎదురైనా భాష రానివాడు, చట్టం తెలియనివాడు ఒంటరివాడైపోతాడు. ఈ పుటలోని సమాధానాలన్నీ ఏదో ఒక విధంగా ఈ తేడా చుట్టూనే తిరుగుతాయి.

ఆడవారు రాత్రివేళ ఒంటరిగా తిరగవచ్చునా?

పెద్ద నగరాలలో తిరుగుతున్నారు. బ్యాంకాక్‌లో బీటీఎస్ అనే మెట్రో రైళ్లు అర్ధరాత్రి వరకు నడుస్తాయి. సోయ్ అని పిలిచే సందుల మొదట్లో నారింజ రంగు చొక్కా తొడుక్కున్న మోటార్‌సైకిల్ టాక్సీవారు కూర్చుని ఉంటారు. ఏ మలుపు తిరిగినా ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండే సెవెన్ ఇలెవెన్ దుకాణం వెలుగుతూ కనిపిస్తుంది. వీధిలో వెంటపడటం, ఎగాదిగా చూడటం మన నగరాలతో పోలిస్తే చాలా తక్కువని అక్కడ ఉద్యోగం చేస్తున్న తెలుగు అమ్మాయిలు చెబుతారు. అయితే పర్యాటక దీవుల్లో అర్ధరాత్రి దాటాక జరిగే విందులు, తెలియనివారు అందించే పానీయాలు, చీకటి బీచ్‌లు వేరే సంగతి. నగరంలో అలవాటైన ధైర్యాన్ని అక్కడికి మోసుకువెళ్లకూడదు.

మరి అసలైన ప్రమాదం ఎక్కడ ఉంది?

రోడ్డు మీద. ఈ విషయంలో అమెరికా వారి నుంచి ఆముదాలవలస వారి వరకు అందరిదీ ఒకే మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 నివేదిక ప్రకారం థాయ్‌లాండ్‌లో ప్రతి లక్షమందికి ఏటా 32.7 మంది రోడ్డు ప్రమాదాలలో చనిపోతున్నారు. 2023 నివేదికలో అది సుమారు 25కు తగ్గినా, ఆసియాలో అతి ఎక్కువ రేట్లలో అది ఇప్పటికీ ఒకటి. చనిపోయేవారిలో నలుగురికి ముగ్గురు మోటార్‌సైకిళ్లు, మూడు చక్రాల బళ్లపై వెళ్లేవారే. అక్కడ కూడా మనలాగే ఎడమవైపు నడుపుతారు కాబట్టి మనవారికి ఒక తప్పుడు ధైర్యం వస్తుంది. వెడల్పైన, నున్నని రోడ్లు, వాటిమీద మన అలవాటుకు మించిన వేగం, ఎదురుగా వచ్చే బండి లైటు కొడితే "నువ్వు వెళ్లు" అని కాక "నేను వస్తున్నాను, ఆగు" అన్న అర్థం, ఇవన్నీ కొత్తవారికి అపాయకరం.

జీబ్రా గీతలను నమ్మకండి. 2022 జనవరిలో బ్యాంకాక్ నడిబొడ్డున జీబ్రా గీతల మీద రోడ్డు దాటుతున్న ఒక యువ కంటి వైద్యురాలిని, పెద్ద మోటార్‌సైకిల్ మీద వేగంగా వచ్చిన ఒక పోలీసు ఉద్యోగి ఢీకొనడంతో ఆమె చనిపోయారు. దేశమంతా అట్టుడికింది, కొన్నాళ్లు గీతల ముందు బళ్లు ఆగాయి కూడా. ఏప్రిల్ 13 నుంచి 15 వరకు జరిగే సోంగ్‌క్రాన్ నీళ్ల పండుగ రోజుల్లోనూ, ఆంగ్ల నూతన సంవత్సరం రోజుల్లోనూ ప్రభుత్వమే "ఏడు ప్రమాదకర దినాలు" అని పేరు పెట్టి ప్రతిరోజూ మృతుల లెక్క ప్రకటిస్తుంది. ఆ వారం దూరప్రయాణాలు పెట్టుకోకపోవడం మంచిది.

అద్దె బండి తీసుకునేవారికి ఒక మాట చెప్పక తప్పదు. మీ లైసెన్సు, అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ రెండింటిలోనూ మోటార్‌సైకిల్ వర్గం లేకపోతే, ఎంత ఖరీదైన ప్రయాణ బీమా అయినా ప్రమాద సమయంలో చేతులెత్తేయవచ్చు. పాస్‌పోర్టును తాకట్టు పెట్టుకునే దుకాణం దగ్గర బండి తీసుకోకండి. తిరిగి ఇచ్చేటప్పుడు పాత గీతలన్నీ మీ ఖాతాలోనే పడతాయి.

ప్రమాదం జరిగితే ముందుగా ఎవరు వస్తారు?

చాలాసార్లు స్వచ్ఛంద సంస్థలవారు. పో టెక్ తుంగ్, రువమ్ కతన్యు అనే రెండు పెద్ద సేవాసంస్థల కార్యకర్తలు వాకీటాకీలు పట్టుకుని నగరమంతా సిద్ధంగా ఉంటారు, వారిలో అనేకులు పగలు వేరే ఉద్యోగాలు చేసుకునేవారే. రెండవ పేరులోని "కతన్యు" మన "కృతజ్ఞ" శబ్దానికి పాళీ రూపం నుంచి వచ్చినదే. ప్రైవేటు ఆసుపత్రులలో వైద్యం మేలుగా ఉంటుంది, ఖర్చు కూడా అలాగే ఉంటుంది. చేర్చుకునేటప్పుడు బీమా కాగితమో, ముందస్తు సొమ్మో అడగడం మామూలు. బీమా లేకుండా అక్కడ కాపురం పెట్టడం తెలివైన పని కాదు.

బహిరంగంగా గొంతు పెంచితే అంత తప్పా?

తప్పే, మన ఊహకు మించిన తప్పు. మనం ఆటోవాడితో గట్టిగా బేరమాడి, ఒక మాట అని, ఒక మాట పడి, చివరికి నవ్వుకుంటూ ఎక్కుతాము. అది మనకు జగడం కాదు, సంభాషణే. థాయ్‌లాండ్‌లో గొంతు పెంచినవాడు వాదనలో ఎంత న్యాయం ఉన్నా ఆ క్షణంలోనే ఓడిపోయినట్టు. చల్లని గుండెను వారు "జై యెన్" అంటారు, వేడి గుండెను "జై రోన్" అంటారు. రెండవది మనిషి స్వభావంలో లోపంగా లెక్క. నలుగురి ముందు ఒకరిని తప్పుపట్టడం అంటే వారికి తలవంపులు తేవడం, ఆ తలవంపులను వారు నవ్వుతూనే భరించవచ్చు గాని మరచిపోరు.

భద్రతకు, మర్యాదకు ముడి పడేది ఇక్కడే. విదేశీయులు దెబ్బలు తిన్న సంఘటనల కథలు వింటే, వాటిలో చాలావాటి మొదట్లో ఒక కేక, ఒక తోపు, లేదా ముఖానికి దగ్గరగా చూపించిన వేలు కనిపిస్తుంది. అప్పటిదాకా చిరునవ్వుతో ఉన్న మనిషి ఒక్కసారిగా మారిపోతాడు, పక్కనున్న నలుగురూ అతనికే తోడవుతారు. అందుకే పాత కాపులు కొత్తవారికి చెప్పే సలహా ఒక్కటే: డబ్బు పోతే పోనివ్వండి, గొంతు పెంచకండి.

వారు "సరే" అంటే నిజంగా సరేనా?

అన్నిసార్లూ కాదు. దీనిని అర్థం చేసుకోవడానికి పాశ్చాత్యులకు పుస్తకాలు కావాలేమో గాని తెలుగువారికి ఒక్క మాట చాలు: మొహమాటం. థాయ్‌వారు "క్రేంగ్ జై" అనేది దానికి దగ్గరి చుట్టం. ఎదుటివారికి ఇబ్బంది కలుగుతుందని కాదనలేకపోవడం, పెద్దవారి మాటకు అడ్డు చెప్పలేకపోవడం, తెలియకపోయినా తెలియదనలేకపోవడం, ఇవన్నీ అందులోకే వస్తాయి.

నేను అద్దెకు ఉన్న ఒక గదిలో స్నానాలగది పైకప్పు నుంచి నీరు కారుతుండేది. మరమ్మతులు చూసే ఆయనను అడిగిన ప్రతిసారీ చేతులు జోడించి, చిరునవ్వు నవ్వి "ఫ్రుంగ్ నీ", అంటే రేపు, అనేవారు. పదకొండు రేపుల తరువాత తెలిసిందేమంటే, పైగదిలో ఉన్న వృద్ధురాలి తలుపు తట్టి పని చెప్పడానికి ఆయనకు మొహమాటం. నేను రెండు మామిడిపండ్లు పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లాను. మరుసటి రోజే పైగదిలో కారుతున్న కొళాయి బాగుపడింది. ఆయన అబద్ధం చెప్పలేదు, కాదనడానికి అక్కడ ఉన్న పద్ధతే అది. ఆఫీసులో కూడా అంతే: సమావేశంలో అందరూ తలలూపితే ఒప్పుకున్నట్టు కాదు, తరువాత విడిగా ఒక్కొక్కరినీ అడిగితేనే అసలు అభిప్రాయం బయటపడుతుంది.

పిలుపులు, పలకరింపులలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

ఈ విషయంలో మనకు పని సులువు. పేరు ముందు "ఖున్" చేరిస్తే గౌరవం. తనకంటే పెద్దవారిని "ఫీ" అనీ, చిన్నవారిని "నోంగ్" అనీ పిలవడం మన అన్నయ్య, అక్కయ్య, తమ్ముడు, చెల్లెమ్మ వరుసల వంటిదే. దుకాణదారును, హోటల్లో వడ్డించే పిల్లను కూడా అలాగే పిలుస్తారు. మాట చివర ఆడవారు "ఖా", మగవారు "ఖ్రప్" అంటారు. మన "అండీ" లేని మాట ఎంత మొరటుగా ఉంటుందో అవి లేని థాయ్ వాక్యం అంత మొరటుగా ఉంటుంది. చేతులు జోడించే "వాయ్" మన నమస్కారమే, అయితే చిన్నవారు ముందు చేయాలి, ఎదుటివారి స్థాయిని బట్టి చేతులు ఎంత పైకి వెళతాయన్నది మారుతుంది. దుకాణంలో పిల్ల వాయ్ చేస్తే తిరిగి చేయనక్కరలేదు, చిరునవ్వు చాలు.

తల, పాదం విషయంలో నియమాలు మనవంటివేనా?

పాదం విషయంలో దాదాపు మనవే. ఎవరివైపూ, ముఖ్యంగా బుద్ధ విగ్రహం వైపు, కాళ్లు చాపకూడదు. ఇంట్లోకి, గుడిలోకి చెప్పులతో వెళ్లకూడదు. తల దగ్గర మాత్రం తేడా వస్తుంది. మన పెద్దలు ప్రేమగా పిల్లల తల నిమురుతారు, దీవిస్తూ తలపై చెయ్యి పెడతారు. థాయ్‌లాండ్‌లో తల శరీరంలో అత్యంత పవిత్రమైన భాగం, పరాయివారు దానిని తాకడం అమర్యాద. బౌద్ధ భిక్షువులను స్త్రీలు తాకరాదు, ఏదైనా ఇవ్వవలసి వస్తే నేరుగా చేతికి ఇవ్వరు. రైల్లోనో, బస్సులోనో భిక్షువు పక్క సీటు ఖాళీగా కనిపిస్తే స్త్రీలు అందులో కూర్చోకుండా నిలబడటమే ఆచారం.

రాజకుటుంబం గురించి మాట్లాడకూడదంటారు, నిజమేనా?

నిజమే, దీనిని సంస్కృతి కింద కాక చట్టం కింద చూడాలి. నేరశిక్షాస్మృతిలోని 112వ అధికరణం ప్రకారం రాజును, రాణిని, యువరాజును లేదా రాజప్రతినిధిని అవమానించినట్టు తేలితే ఒక్కొక్క నేరానికి 3 నుంచి 15 ఏళ్ల జైలుశిక్ష పడుతుంది, విదేశీయులకు మినహాయింపు లేదు. ఫేస్‌బుక్‌లో ఇతరులు రాసినదాన్ని పంచుకున్నవారిపై కూడా కేసులు నడిచాయి. ఉదయం 8 గంటలకు, సాయంత్రం 6 గంటలకు పార్కులలో, స్టేషన్లలో జాతీయగీతం వినిపించినప్పుడు నడిచేవారు ఆగి నిలబడతారు, మీరూ ఆగండి. నోటు గాలికి ఎగిరిపోతుంటే కాలితో తొక్కి పట్టడం మనకు తొందరలో జరిగే పని; దానిపై రాజు బొమ్మ ఉంటుందని గుర్తుంచుకోండి.

హోటల్ గురించి, యజమాని గురించి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు రాస్తే ఏమవుతుంది?

కేసు కావచ్చు. పరువునష్టం అక్కడ క్రిమినల్ నేరం. 2020లో కో చాంగ్ దీవిలోని ఒక హోటల్ గురించి చెడుగా సమీక్షలు రాసిన అమెరికన్ ఒకరిని అరెస్టు చేశారు. చివరికి క్షమాపణ చెప్పి రాజీపడవలసి వచ్చింది. రాసింది నిజమైనంత మాత్రాన గండం గడిచినట్టు కాదని అక్కడి న్యాయవాదులు చెబుతారు. జరిగినది జరిగినట్టు, తిట్లు లేకుండా, రసీదులు దగ్గర పెట్టుకుని ముందుగా అవతలివారికే చెప్పండి.

భారతీయులను ఎలా చూస్తారు?

నిజం చెప్పాలంటే రెండు రకాలుగా. బ్యాంకాక్‌లోని ఎరావన్ కూడలిలో బ్రహ్మదేవుడి ముందు రోజంతా పూలమాలలు పడుతూనే ఉంటాయి. సీలోం వీధిలో తమిళులు కట్టిన మారియమ్మన్ గుడికి థాయ్ భక్తులే ఎక్కువ. వాట్ ఫ్రా కేవ్ అనే బౌద్ధాలయం గోడల నిండా వారి రామాయణమైన రామకియెన్ చిత్రాలున్నాయి. విమానాశ్రయం పేరు సువర్ణభూమి, భాషను "ఫాసా" అంటారు, టెలిఫోనును "థోరసప్", అంటే దూరశబ్దం, అంటారు. మనం కూడా అంత చక్కగా పేరు పెట్టుకోలేకపోయాము.

ఇంత చుట్టరికం ఉన్నా, దేవుళ్లకు దక్కిన ఆదరం మనుషులకు పూర్తిగా దక్కదు. దక్షిణాసియా వారిని, మధ్యప్రాచ్యం వారిని కలిపి "ఖేక్" అంటారు. మాటకు అర్థం అతిథే; పలికే తీరును బట్టి అది మామూలు మాటగానో, ఎత్తిపొడుపుగానో మారుతుంది. తెల్లవారిని పిలిచే "ఫరాంగ్" అనే మాటకు ఉన్న ఆకర్షణ దీనికి లేదు. తాలింపు వాసన సాకుగా ఇల్లు ఇవ్వని యజమానులున్నారు. గుంపులుగా వచ్చి, పట్టాయా బీచ్‌లో అరుస్తూ, ప్రతిదానికీ సగం ధరకు బేరమాడే మన పర్యాటకుల పుణ్యమా అని చెడ్డపేరు అక్కడ నివసించేవారు మోయవలసి వస్తున్నది. చక్కగా దుస్తులు వేసుకుని, నాలుగు థాయ్ మాటలు నేర్చుకున్నవారికి ఈ గోడ చాలావరకు కరిగిపోతుందని పాతవారి అనుభవం. అలా కరిగించుకోవలసిన భారం మనమీదే ఉండటం న్యాయమా అంటే, కాదు.

విదేశీయులకు వేరే ధర ఎందుకు?

అది చాలాచోట్ల అధికారికమే. బ్యాంకాక్‌లోని రాజప్రాసాదం గ్రాండ్ ప్యాలెస్‌కు విదేశీయులు 500 బాత్ (థాయ్ కరెన్సీ) చెల్లిస్తారు, థాయ్‌వారికి ఉచితం; ఖావ్ యాయ్ జాతీయ వనంలో విదేశీయులకు 400, వారికి 40. కొన్నిచోట్ల స్థానికుల ధరను థాయ్ అంకెలలో రాసి ఉంచుతారు, అంకెలు రానివారికి తేడా కూడా తెలియదు. చాలామంది ప్రవాసులు దీనికి ఏళ్ల తరబడి మండిపడతారు. హైదరాబాద్ గోల్కొండ కోట టికెట్ కిటికీ దగ్గర విదేశీయుల ధర చూసిన మనం మరీ అంత మండిపడనవసరం లేదు.

మోసాలు ఏ రూపంలో ఎదురవుతాయి?

"ఈ రోజు గుడి మూసి ఉంది, వేరేచోటికి తీసుకువెళతాను" అంటూ టుక్‌టుక్ అనే మూడు చక్రాల ఆటో ఎక్కించి రత్నాల దుకాణానికి చేర్చేది పాత మోసం. బీచ్‌లో అద్దెకిచ్చిన జెట్‌స్కీపై పాత గీతలు చూపించి సొమ్ము గుంజేది మరొకటి. వీటిలో పోయేది డబ్బే.

డేటా ఎంట్రీ ఉద్యోగం పేరుతో జరిగేది మాత్రం ప్రాణాంతకం. నెలకు మంచి జీతం, ఉచిత విమానం టికెట్, ఇంటర్వ్యూ వాట్సాప్‌లోనే అని నమ్మించి, బ్యాంకాక్‌లో దిగిన యువకులను కారులో సుమారు 500 కిలోమీటర్ల దూరంలోని సరిహద్దు పట్టణం మే సోత్‌కు తీసుకువెళ్లి, అక్కడి మోయీ నదిని దాటించి మయన్మార్‌లోని మ్యావడీ ప్రాంతపు సైబర్ మోసాల స్థావరాలకు అప్పగిస్తారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, కొట్టి, మోసపు సందేశాలు పంపే పని చేయిస్తారు. 2025 మార్చిలో భారత ప్రభుత్వం వాయుసేన విమానాలలో మే సోత్ మీదుగా 540 మందికి పైగా భారతీయులను వెనక్కి తెచ్చింది; వారిలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ యువకులు కూడా ఉన్నారు. గుర్తు ఒక్కటే: నిజమైన ఉద్యోగానికి సంస్థ ముందుగా ఉద్యోగ వీసా ఏర్పాటు చేస్తుంది, తరువాత వర్క్ పర్మిట్ ఇప్పిస్తుంది. "ముందు టూరిస్టుగా రండి, తరువాత చూద్దాం" అన్నవారి మాట విని విమానం ఎక్కకండి.

కాగితాల విషయంలో ఏవి మరచిపోకూడదు?

మీరు ఇంట్లో దిగిన 24 గంటలలోపు ఇంటి యజమాని టీఎం 30 అనే పత్రం ద్వారా ఇమిగ్రేషన్‌కు తెలపాలి. చట్టం ఆయనను బాధ్యుణ్ణి చేసినా, కౌంటరు దగ్గర ఇబ్బంది పడేది మీరు. దీర్ఘకాలిక వీసాపై ఉన్నవారు ప్రతి 90 రోజులకూ చిరునామా తెలియజేయాలి. గడువు దాటి ఉంటే రోజుకు 500 బాత్ చొప్పున 20,000 వరకు జరిమానా పడుతుంది, మరీ ఎక్కువ రోజులైతే మళ్లీ రానివ్వరు. ఈ-సిగరెట్లు అక్కడ నిషిద్ధం, సామానులో పెట్టుకువెళ్లకండి. ప్రభుత్వ పత్రాలపై సంవత్సరం బౌద్ధ శకంలో ఉంటుంది: 2025ను 2568గా రాస్తారు. ఒప్పందంలో తేదీ చూసి కంగారుపడకుండా 543 తీసివేయండి.

వెళ్లకూడని ప్రాంతాలున్నాయా?

దక్షిణ సరిహద్దులోని పట్టాని, యాల, నరాథివాత్ రాష్ట్రాలలో 2004 నుంచి సాగుతున్న సాయుధ సంఘర్షణలో 7,000 మందికి పైగా చనిపోయారు. కంబోడియా సరిహద్దులో 2025 జులైలోను, మళ్లీ డిసెంబరులోను సైనికుల మధ్య పోరు జరిగింది; సురిన్, సిసాకేత్, ఉబోన్ రాచథాని సరిహద్దు గ్రామాలవారు ఇళ్లు వదలవలసి వచ్చింది. ఆ వైపు ప్రయాణానికి ముందు భారత రాయబార కార్యాలయం సూచనలు చూడండి. తుపాకీ హింస లేదనుకోవడమూ పొరపాటే: 2020లో నఖోన్ రాచసిమాలో ఒక సైనికుడు, 2022లో నోంగ్ బువా లంఫూలోని శిశు సంరక్షణ కేంద్రంలో ఒక మాజీ పోలీసు జరిపిన మారణకాండలను ఆ దేశం మరచిపోలేదు.

శాకాహారులు ఎలా నెట్టుకొస్తారు?

"మాంసం వద్దు" అంటే సరిపోదు, చేపసారం "నామ్ ప్లా", రొయ్యల ముద్ద "కపి" మాంసం కింద లెక్కకు రావు. "జే", అంటే పూర్తి శాకాహారం, అని అడగండి. పసుపు జెండాపై ఎర్ర అక్షరాలు కనిపించిన దుకాణంలో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు.

ఆపద వస్తే ఎవరికి ఫోన్ చేయాలి?

పోలీసులకు 191, అంబులెన్సుకు 1669, అగ్నిమాపక దళానికి 199. ఇంగ్లిష్‌లో మాట్లాడవలసివస్తే పర్యాటక పోలీసుల 1155 అన్నిటికంటే ఉపయోగపడుతుంది, పర్యాటకులు కానివారు కూడా చేయవచ్చు. భారత రాయబార కార్యాలయం బ్యాంకాక్‌లో సుఖుంవిత్ 23వ సోయ్‌లో ఉంది, చియాంగ్ మాయ్‌లో కాన్సులేట్ ఉంది. అన్నిటికంటే ముందు చేయవలసిన పని మరొకటి ఉంది: మీ చిరునామాను భవనం కింద ఉండే కాపలా మనిషి చేత థాయ్‌లో రాయించుకుని, ఫొటో తీసి ఫోనులో పెట్టుకోండి. ఇంగ్లిష్ అక్షరాలలో ఒకే వీధి పేరును నాలుగు రకాలుగా రాస్తారు. ఆ రాత్రి అంబులెన్సు డ్రైవరుకు అవేవీ అర్థం కాకపోవచ్చు.